ట్రాపిస్ట్-1 గ్రహాలకు గాలి ఉందా? జవాబు నక్షత్రం దగ్గరే చిక్కుకుంది

1874 డిసెంబర్ 9 ఉదయం. విశాఖపట్నంలో అంకితం వెంకట నరసింగరావు తన టెలిస్కోపును సూర్యుడి వైపు తిప్పి ఉంచారు. ఆయన మామగారు గోడే వెంకట జగ్గారావు నెలకొల్పిన అబ్జర్వేటరీ అది. ఆ పూట శుక్రుడు భూమికీ సూర్యుడికీ మధ్యకు వచ్చాడు. చిన్న నల్లచుక్కలా సూర్యబింబం మీదుగా కొన్ని గంటల పాటు నడిచి అవతలి అంచు దాటిపోయాడు. నరసింగరావు పరిశీలన లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ పత్రికలో అచ్చయింది.

సూర్యుడు కాని ఇతర నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాలు ఇప్పుడు 6,000కు పైగా తెలుసు. వాటిలో ఎక్కువ భాగం ఇదే దారిలో దొరికాయి. గ్రహం తన నక్షత్రానికి అడ్డం వస్తుంది, ఆ కాసేపు నక్షత్రం వెలుగు కొద్దిగా తగ్గుతుంది. దీన్నే ట్రాన్సిట్ అంటారు. కాకపోతే విశాఖలో కనిపించినట్టు నల్లచుక్క ఇక్కడ కనిపించదు. దూరపు నక్షత్రం టెలిస్కోపులో కూడా ఒట్టి వెలుగు చుక్కే, ఇక దాని మీద ఇంకో చుక్క ఎలా ఆనుతుంది? వెలుగు ఎంత తగ్గింది, ఎంతసేపు తగ్గింది, మళ్ళీ ఎన్నాళ్ళకు తగ్గింది. చేతికి దొరికేవి ఈ మూడు లెక్కలే.

ఆ లెక్కలు ఎంత చిన్నవో చూడండి. భూమి అంత గ్రహం సూర్యుడి లాంటి నక్షత్రానికి అడ్డం వస్తే తగ్గే వెలుగు పది లక్షల్లో 84 వంతులు. అదీ ఏడాదికి ఒక్కసారి, ఓ 13 గంటలు. పైగా ఆ గ్రహం కక్ష్య మన చూపుకు సరిగ్గా అడ్డంగా పడాలి. అలా పడే అవకాశం రెండు వందల్లో ఒకటి. ఆ గ్రహం చుట్టూ గాలి ఉందో లేదో చెప్పడం అనే మాట ఆ తర్వాతది.

అందుకే ఖగోళ శాస్త్రజ్ఞులు వెతికే చోటు మార్చారు. గ్రహాన్ని పెద్దది చేయలేం, చిన్న నక్షత్రాన్ని మాత్రం ఎంచుకోవచ్చు. మన పాలపుంతలో నాలుగింట మూడు వంతుల నక్షత్రాలు సూర్యుడి కంటే బాగా చిన్నవి, చల్లనివి, ఎర్రనివి. వాటిని ఎర్ర మరుగుజ్జులంటారు. ఎంత చీకటి రాత్రయినా మామూలు కంటికి వీటిలో ఒక్కటీ ఆనదు. సూర్యుడి తర్వాత మనకు అతి దగ్గరి నక్షత్రమైన ప్రాక్సిమా సెంటారీ కూడా ఈ జాతిదే, అదీ కంటికి కనిపించదు. ఇలాంటి నక్షత్రానికి భూమి అంత గ్రహం అడ్డం వస్తే వెలుగు ఏకంగా అర శాతం, ఒక శాతం వరకు తగ్గుతుంది. నక్షత్రం చల్లనిది కాబట్టి గోరువెచ్చని కక్ష్యలు దగ్గరగా ఉంటాయి, గ్రహం కొద్ది రోజులకే చుట్టు తిరిగి మళ్ళీ అడ్డం వస్తుంది. ఏడాది ఆగక్కర్లేదు.

ఈ ఆలోచనకు దొరికిన అతి పెద్ద ఫలితం ట్రాపిస్ట్-1. కుంభరాశి దిక్కున సుమారు 40 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. ద్రవ్యరాశి సూర్యుడిలో 9 శాతం, వ్యాసం 12 శాతం. అంటే నక్షత్రమే అయినా సైజులో గురుగ్రహం కంటే కాస్త పెద్దది, అంతే. బెల్జియంలోని లీజ్ విశ్వవిద్యాలయానికి చెందిన మికాయెల్ గియాన్ బృందం చిలీలోని లా సియా అబ్జర్వేటరీ నుంచి 60 సెంటీమీటర్ల అద్దం ఉన్న చిన్న టెలిస్కోపుతో దీన్ని గమనించింది. ఆ టెలిస్కోపు పేరే నక్షత్రానికి వచ్చింది. 2016 మేలో మూడు గ్రహాలున్నాయని ప్రకటించారు. ఆ మొదటి పరిశీలనల్లో లద్దాఖ్‌లోని హాన్లేలో ఉన్న మన హిమాలయన్ చంద్ర టెలిస్కోపుకూ వాటా ఉంది. సముద్రమట్టానికి 4,500 మీటర్ల ఎత్తున, 2 మీటర్ల అద్దంతో పనిచేసే ఆ టెలిస్కోపును బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ నడుపుతుంది. చిలీలో తెల్లవారిపోయాక కూడా నక్షత్రం మీద చూపు తెగిపోకుండా ఉండాలంటే భూమికి ఇవతలి వైపు ఒక కన్ను కావాలి. హాన్లే ఆ కన్ను అయింది.

తర్వాత స్పిట్జర్ అంతరిక్ష టెలిస్కోపు ఈ నక్షత్రాన్ని దాదాపు 20 రోజులు విడవకుండా చూసింది. 2017 ఫిబ్రవరి 22న లెక్క ఏడుకు చేరింది. బి, సి, డి, ఇ, ఎఫ్, జి, హెచ్ అని వాటి పేర్లు. లోపలి గ్రహం బి 1.5 రోజుల్లో ఒక చుట్టు తిరుగుతుంది, చివరిది హెచ్ సుమారు 19 రోజుల్లో. ఏడింటి కక్ష్యలూ కలిపి మన బుధుడి కక్ష్యలో ఓ మూలకు ఇమిడిపోతాయి. ఇంత దగ్గర దగ్గరగా ఉండటం వల్ల ఒక మేలు జరిగింది. ఒకదాన్నొకటి లాక్కుంటూ ఉంటాయి కాబట్టి ఏ ట్రాన్సిటూ సరిగ్గా అనుకున్న వేళకు రాదు, కొన్ని నిమిషాలు ముందో వెనకో వస్తుంది. ఆ తేడాలను ఏళ్ళ తరబడి నమోదు చేసి, ఎవరు ఎవరిని ఎంత లాగారో లెక్కగట్టి, ఒక్కో గ్రహం బరువు తేల్చారు. సైజు ట్రాన్సిట్ చెప్పింది, బరువు ఈ ఆలస్యాలు చెప్పాయి. రెండూ ఉంటే సాంద్రత వస్తుంది. ఏడూ రాతి గ్రహాలే, భూమి కంటే కొద్దిగా తక్కువ సాంద్రతతో. దేనికీ తక్కెడ తగలకుండానే 40 కాంతి సంవత్సరాల అవతలి రాళ్ళను తూచారు. ఈ రంగంలో ఇంతకంటే అందమైన కొలత మరొకటి దొరకడం కష్టం.

అన్ని నక్షత్రాలకూ ఈ అదృష్టం లేదు. మనకు 4.24 కాంతి సంవత్సరాల దూరంలోనే ఉన్న ప్రాక్సిమా సెంటారీకి ఒక గ్రహం ఉందని 2016 ఆగస్టులో తెలిసింది. కానీ అది మనకు అడ్డం రాదు. నక్షత్రం ఊగడాన్ని బట్టి దాన్ని పట్టారు. గ్రహం లాగినప్పుడల్లా నక్షత్రం కొంచెం మన వైపూ, కొంచెం అవతలికీ ఊగుతుంది. ఆ ఊపుకు దాని వెలుగు వర్ణపటంలోని, అంటే రంగులుగా విడదీసిన వెలుగులోని, గీతలు అటూ ఇటూ జరుగుతాయి. ప్రాక్సిమా ఊపు వేగం సెకనుకు ఒకటిన్నర మీటరు కూడా ఉండదు. మనిషి నింపాదిగా నడిచే వేగం. భూమి వల్ల సూర్యుడికి కలిగే ఊపు అయితే సెకనుకు 9 సెంటీమీటర్లే. ఈ పద్ధతితో గ్రహం కనీస ద్రవ్యరాశి తెలుస్తుంది కానీ సైజు తెలియదు. గాలి గురించి అయితే దాదాపు ఏమీ తెలియదు.

పైగా నక్షత్రం తన సొంత కారణాలతో కూడా ఊగినట్టు కనిపించగలదు. ఈ మోసానికి పాత చరిత్రే ఉంది. 1855లో మద్రాసు అబ్జర్వేటరీ నుంచి డబ్ల్యు.ఎస్. జాకబ్, 70 ఒఫియూకి అనే జంట నక్షత్రాల కదలికలో తేడా ఉందనీ, అక్కడ గ్రహం ఉండవచ్చనీ ప్రకటించారు. అది నిలబడలేదు. 6 కాంతి సంవత్సరాల దూరంలోని బర్నార్డ్ నక్షత్రానికి గురుగ్రహం లాంటి గ్రహం ఉందని 1960లలో పీటర్ వాన్ డి కాంప్ చెప్పారు, అదీ నిలబడలేదు. అదే నక్షత్రానికి 2018లో ఇంకో గ్రహాన్ని ప్రకటించారు. అది నక్షత్రం మీది అలజడేనని తర్వాత ఇతరులు వాదించారు. చివరికి 2024లో ఒక చిన్న గ్రహం, 2025 మార్చికి మొత్తం నాలుగు చిన్న గ్రహాలు, అన్నీ భూమి కంటే తేలికైనవి, గట్టి ఆధారాలతో నిలిచాయి. అరవై ఏళ్ళు పట్టింది. అన్నేళ్ళూ ఆలస్యం చేసినవి రెండు: పరికరం సున్నితత్వం, నక్షత్రం నడవడి. మొదటిది ఏటేటా మెరుగవుతోంది. రెండోది ఇప్పుడు గ్రహాల గాలి విషయంలో మళ్ళీ అడ్డం నిలిచింది.

ఇక్కడ ఒక మాట. తెలుగులో వాతావరణం అంటే రెండర్థాలు. వాన, ఎండ అనే రోజువారీ సంగతి ఒకటి, గ్రహాన్ని చుట్టి ఉండే గాలి పొర మరొకటి. ఇక్కడ గాలి అంటే అంతటా ఆ రెండోదే.

ట్రాన్సిట్ జరుగుతున్నప్పుడు నక్షత్రం వెలుగులో చాలా కొద్ది భాగం గ్రహం అంచున ఉన్న గాలి పొరను దాటుకుని మన దాకా వస్తుంది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఉంటే ఒక రంగు వెలుగును మింగుతుంది, నీటి ఆవిరి ఉంటే ఇంకో రంగును. ఆ రంగుల్లో గ్రహం కొంచెం లావుగా కనిపిస్తుంది. వర్ణపటంలో ఎక్కడెక్కడ లావు అయిందో చూసి ఏ వాయువు ఉందో చెబుతారు. చెప్పడానికి తేలికే. ట్రాపిస్ట్-1 ఇ అనే గ్రహం సైజులో భూమిలో 92 శాతం. దాని చుట్టూ మన లాంటి గాలే 40 కిలోమీటర్ల మందాన ఉందనుకుని లెక్క వేస్తే, నక్షత్రం వెలుగులో వచ్చే తేడా పది లక్షల్లో సుమారు 70 వంతులు. అదే గ్రహం సూర్యుడి ముందు ఉంటే ఒకే ఒక్క వంతు. చిన్న నక్షత్రాల వెంట ఎందుకు పడ్డారో ఈ రెండు అంకెలే చెబుతాయి.

2021 డిసెంబర్ 25న బయల్దేరిన జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోపు 6.5 మీటర్ల అద్దంతో, భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో నిలిచి, పరారుణ కాంతిలో ఇలాంటి తేడాలను కొలవగలుగుతోంది. పరికరం సిద్ధం. నక్షత్రమే సహకరించడం లేదు.

ఎర్ర మరుగుజ్జులు నెమ్మదిగా, పొదుపుగా వెలిగే నక్షత్రాలని పేరు. వయసు మళ్ళాక అది నిజమే కావచ్చు. చిన్నతనంలో మాత్రం వీటి తీరు వేరు. సూర్యుడి లాంటి నక్షత్రం కొన్ని కోట్ల ఏళ్ళలో కుదుటపడితే, ట్రాపిస్ట్-1 లాంటిది అందుకు వందల కోట్ల ఏళ్ళు కూడా తీసుకోవచ్చు. అంతకాలం ఇప్పటి కంటే ఎన్నో రెట్లు ప్రకాశిస్తుంది, ఎక్స్ కిరణాలూ అతినీలలోహిత కిరణాలూ గుమ్మరిస్తుంది. ఇప్పుడు గోరువెచ్చగా ఉన్న కక్ష్యలోని గ్రహం అప్పట్లో పెనం మీద ఉన్నట్టే. గాలి పొర పైభాగం వేడెక్కి అంతరిక్షంలోకి జారిపోతుంది, నీటి ఆవిరి చీలి హైడ్రోజన్ ఎగిరిపోతుంది. ఇలాంటి గ్రహాల్లో ఒక్కదానికైనా గాలి మిగిలి ఉంటుందా అన్నది ఈ దశాబ్దంలో ఖగోళశాస్త్రం అడుగుతున్న అసలు ప్రశ్నల్లో ఒకటి. ఎందుకంటే పాలపుంతలో రాతి గ్రహాలు ఎక్కువగా ఉన్నది ఈ నక్షత్రాల చుట్టూనే. ఇక్కడ గాలి నిలవదని తేలితే, జీవం కోసం వెతకాల్సిన చోట్ల లెక్క ఒక్కసారిగా కుదించుకుపోతుంది.

రెండో ఇబ్బంది కొలతకు సంబంధించింది. సూర్యుడి మీద లాగే ఈ నక్షత్రాల మీదా మచ్చలుంటాయి, ఇంకా ఎక్కువగా ఉంటాయి. మచ్చ చుట్టుపక్కల కంటే చల్లగా ఉంటుంది. అంత చల్లదనంలో నీటి ఆవిరి అణువులు విడిపోకుండా ఉండగలవు. సూర్యుడి నల్లమచ్చల్లోనే నీటి ఆవిరి ఆనవాళ్ళు దొరికాయి. ఇక 2,300 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండే ట్రాపిస్ట్-1 సంగతి చెప్పాలా? గ్రహం నక్షత్రం మీద శుభ్రంగా ఉన్న పట్టీ ముందు నడుస్తూ, మచ్చలు పక్కన ఉండిపోతే, మొత్తం వెలుగులో మచ్చల వాటా పెరుగుతుంది. లెక్కలో నీటి ఆవిరి తేలుతుంది. ఆ నీరు గ్రహానిది కాదు, నక్షత్రానిది. వర్ణపటంలో రెంటినీ విడదీయడం చాలా కష్టం, నీరు ఎక్కడున్నా నీరే.

దీని దెబ్బ ఎలా ఉంటుందో 26 కాంతి సంవత్సరాల దూరంలోని జీజే 486 బి అనే గ్రహం చూపించింది. 2023లో వెబ్ పరిశీలనలో నీటి ఆవిరి లాంటి ఆనవాలు కనిపించింది. దాన్ని ప్రకటించిన బృందమే, ఇది గ్రహం గాలి కావచ్చు లేదా నక్షత్రం మచ్చలు కావచ్చు అని రెండు దారులూ తెరిచి ఉంచింది. తర్వాత గ్రహం వేడిని నేరుగా కొలిస్తే గాలి లేని రాయికి సరిపోయే అంకెలే వచ్చాయి. 41 కాంతి సంవత్సరాల దూరంలోని జీజే 1132 బి విషయంలో చర్చ ఇంకా ముందే మొదలైంది. 2021లో హబుల్ అంతరిక్ష టెలిస్కోపు సమాచారాన్ని విశ్లేషించి, అగ్నిపర్వతాలు కొత్తగా పుట్టించిన గాలి పొర ఉందని ఒక బృందం చెప్పింది. అదే హబుల్ సమాచారాన్ని వేరే బృందాలు విడిగా విశ్లేషిస్తే చదునైన గీత తప్ప ఏమీ రాలేదు. వెబ్ రెండు ట్రాన్సిట్‌లు చూస్తే ఆ రెండూ ఒకదానితో ఒకటి కలవలేదు. 2024లో వేడి కొలిచాక ఇక్కడా ఒట్టి రాయికే మొగ్గు వచ్చింది. మొదటి వార్తకు వచ్చినంత ప్రచారం ఈ చివరి ఫలితానికి రాలేదు. రావాల్సింది. ఒక సందేహాన్ని నాలుగైదు బృందాలు పట్టువదలకుండా తేల్చిన తీరు అందులో ఉంది.

వేడి కొలవడం అన్నది ఈ మచ్చల చిక్కు నుంచి చాలావరకు తప్పించే దారి. ఇందులో గ్రహం నక్షత్రం ముందుకు వచ్చినప్పుడు కాకుండా, వెనక్కి వెళ్ళి చాటయినప్పుడు చూస్తారు. చాటుకు వెళ్ళక ముందు నక్షత్రం వేడి, గ్రహం పగటి వైపు వేడి కలిసి వస్తాయి. చాటయ్యాక నక్షత్రానిది ఒక్కటే. తీసివేస్తే గ్రహానిది మిగులుతుంది. ఇంత దగ్గరి గ్రహాలు చంద్రుడు మనకు చూపినట్టు ఎప్పుడూ ఒకే ముఖాన్ని నక్షత్రానికి చూపిస్తాయని అంచనా. ఒక వైపు ఎప్పుడూ పగలు, ఇంకో వైపు ఎప్పుడూ రాత్రి. గాలి ఉంటే పగటి వేడిని రాత్రి వైపుకు మోసుకుపోతుంది, పగటి వైపు కొంత చల్లబడుతుంది. గాలి లేకపోతే రాయి మీద పడ్డ ఎండ అక్కడే మాడుతుంది. కాబట్టి పగటి వైపు ఉష్ణోగ్రత ఒక్కటి తెలిసినా గాలి గురించి చాలా తెలుస్తుంది.

2023 మార్చిలో ట్రాపిస్ట్-1 బి ఫలితం ఇలాగే వచ్చింది. 15 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తరంగదైర్ఘ్యం ఉన్న పరారుణ కాంతిలో అయిదు సార్లు గ్రహం చాటుకు వెళ్ళడాన్ని వెబ్ కొలిచింది. తగ్గిన వెలుగు 0.1 శాతం లోపే. దాన్ని బట్టి పగటి వైపు ఉష్ణోగ్రత సుమారు 230 డిగ్రీల సెల్సియస్ అని తేలింది. గాలి లేని నల్లరాయి ఎంత వేడెక్కాలో దాదాపు అంతే. భూమి సైజు రాతి గ్రహం, మన ఎండ తగిలిన బండ కంటే వేడైనా పొయ్యి మీది పెనం అంత వేడి మాత్రమే ఉన్న గ్రహం, దాని నుంచి వచ్చే వేడిని 40 కాంతి సంవత్సరాల ఇవతల నుంచి పట్టుకోవడం అదే మొదటిసారి. గాలి లేదన్న నిరాశలో ఈ సంగతి మరుగున పడకూడదు. అదే ఏడాది జూన్‌లో సి ఫలితం వచ్చింది. సుమారు 107 డిగ్రీలు. ఈ గ్రహానికి శుక్రుడికి దగ్గరగా ఎండ అందుతుంది, కాబట్టి శుక్రుడి లాంటి దట్టమైన కార్బన్ డయాక్సైడ్ గాలి ఉంటుందేమో అని ఆశించారు. అంత దట్టమైన గాలి లేదని తేలింది. పలచటి పొర ఉండే అవకాశాన్ని మాత్రం ఆ కొలత కొట్టివేయలేదు.

బి మీద కూడా మాట పూర్తిగా ముగిసిపోలేదు. 2024 డిసెంబర్‌లో ఎల్సా డుక్రో బృందం 12.8 మైక్రాన్ల దగ్గర తీసిన కొలతలను కలిపి చూసింది. కొత్తగా పైకి వచ్చిన అగ్నిశిలతో కప్పిన గాలి లేని గ్రహం ఈ అంకెలకు సరిపోతుంది. పైభాగం పొగమంచుతో వేడెక్కిన కార్బన్ డయాక్సైడ్ గాలి కూడా, కొంచెం కష్టం మీద, సరిపోతుంది. ఒకటి రెండు రంగుల్లో కొలిచి ఒక ప్రపంచం మొత్తాన్ని తేల్చేయడం ఎంత కష్టమో దీన్ని బట్టి అర్థమవుతుంది. అయినా మొగ్గు ఒట్టి రాయి వైపే. ఇలాంటి రాయికి ముందే ఒక ఉదాహరణ ఉంది. ఎల్‌హెచ్‌ఎస్ 3844 బి అనే గ్రహాన్ని 2019లో లారా క్రైడ్‌బర్గ్ బృందం స్పిట్జర్‌తో చుట్టు మొత్తం గమనించింది. పగటి వైపు 770 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంది, రాత్రి వైపు నుంచి వేడి జాడే లేదు. వేడిని మోసే గాలి అక్కడ లేదు.

ఇప్పటిదాకా దగ్గరి రాతి గ్రహాల్లో గాలికి బలమైన ఆధారం దొరికింది అనుకోని చోట. 41 కాంతి సంవత్సరాల దూరంలో, సూర్యుడిని పోలిన నక్షత్రం చుట్టూ 18 గంటలకో చుట్టు తిరిగే 55 కాంక్రి ఇ. బరువు భూమికి దాదాపు 9 రెట్లు, పగటి వైపు సుమారు 1,540 డిగ్రీలు. ఉపరితలం కరిగిన లావా అనుకోవాలి. 2024 మేలో వెలువడిన వెబ్ కొలతలు, అక్కడ కార్బన్ మోనాక్సైడ్ గానీ కార్బన్ డయాక్సైడ్ గానీ ఉన్న గాలి ఉండవచ్చని చూపాయి. లావా నుంచి వాయువులు నిరంతరం పైకి వస్తుంటే, ఎగిరిపోయినంతా మళ్ళీ భర్తీ అవుతుంది. గాలి నిలవాలంటే పోయేది తక్కువైనా కావాలి, వచ్చేది ఎక్కువైనా కావాలి. ఆ గ్రహం రెండో దారిలో బతుకుతున్నట్టుంది.

మళ్ళీ ట్రాపిస్ట్-1కే రావాలి, ఎందుకంటే అందరి చూపూ ఇ మీదే ఉంది. 6.1 రోజుల కక్ష్య, భూమికి అందే ఎండలో సుమారు మూడింట రెండు వంతులు. తగిన గాలి ఉంటే నేల మీద నీరు ద్రవంగా నిలవగల దూరం. 2025లో ముందు డి ఫలితం వచ్చింది, భూమి లాంటి గాలి ఆనవాళ్ళు లేవు. సెప్టెంబర్‌లో ఇ మీద మొదటి నాలుగు ట్రాన్సిట్‌ల ఫలితాలు అచ్చయ్యాయి. హైడ్రోజన్‌తో నిండిన ఆదిమ గాలి లేదని తేలింది. నైట్రోజన్ ఎక్కువగా ఉన్న గాలి ఉండొచ్చు, అసలే ఉండకపోవచ్చు. ఆ నాలుగు ట్రాన్సిట్‌లూ నాలుగు రకాలుగా వచ్చాయి. ప్రతిసారీ నక్షత్రం ముఖం మారింది, మచ్చలు మారాయి, వర్ణపటం ఆకారం మారింది. ఆ మార్పులు వెతుకుతున్న గాలి ఆనవాలు కంటే పెద్దవి. 2023లో ఒలీవియా లిమ్ బృందం బి ట్రాన్సిట్‌లు చూసినప్పుడు కూడా ఇదే కథ. అప్పుడు కనిపించినదంతా దాదాపు నక్షత్రం చేష్టే.

ఈ స్థితిలో ఆ బృందాలకు తట్టిన ఉపాయం చాలా చక్కనిది. బి మీద గాలి లేదు, లేదా లేనట్టే అనుకుందాం. అప్పుడు బి ట్రాన్సిట్‌లో రంగు రంగుకూ కనిపించే తేడా అంతా నక్షత్రానిదే అవుతుంది. బి ట్రాన్సిట్ అయిన కొద్ది గంటల్లోనే ఇ ట్రాన్సిట్ వచ్చే సందర్భాలను పంచాంగం చూసినట్టు ముందే లెక్కగట్టి, రెంటినీ వెంట వెంటనే చూస్తారు. అంత తక్కువ సమయంలో నక్షత్రం ముఖం పెద్దగా మారదు. ఇ వర్ణపటంలోంచి బి వర్ణపటాన్ని తీసివేస్తే మచ్చల ముద్ర చెరిగి, ఇ సొంతం ఏదైనా ఉంటే అది మిగులుతుంది. రంగు తేలని చీరను పగటి వెలుతురులో తెల్లగుడ్డ పక్కన పెట్టి చూడటం లాంటిది. ఒట్టి రాయి అని తేలినప్పుడు నిరాశ కలిగించిన బి, ఇప్పుడు ఆ తెల్లగుడ్డ అయింది. ఈ పద్ధతిలో మరో 15 ట్రాన్సిట్‌లు చూసే పని పెట్టుకున్నారు.

ఇందులో రెండు షరతులు దాగి ఉన్నాయి. బి నిజంగా ఒట్టి రాయి కావాలి. 12.8 మైక్రాన్ల కొలతల మీది చర్చ అందుకే ఇ కోసం కూడా ముఖ్యం. రెండోది, బి, ఇ నక్షత్రం మీద ఇంచుమించు ఒకే పట్టీని దాటాలి. కక్ష్యలన్నీ దాదాపు ఒకే తలంలో ఉండటం ఇక్కడ కలిసొచ్చే సంగతి.

ఇతర దారులూ సాగుతున్నాయి. కెవిన్ జాన్లే, డేవిడ్ కాట్లింగ్ అనే శాస్త్రజ్ఞులు మన సౌరకుటుంబాన్ని చూసి గీసిన ఒక గీత ఉంది. గురుత్వాకర్షణ ఎక్కువ, నక్షత్రం తాకిడి తక్కువ అయిన వాటికి గాలి ఉంటుంది; గీతకు అవతల బుధుడు, చంద్రుడి లాంటి వాటికి ఉండదు. దాన్ని విశ్వ తీరరేఖ అంటున్నారు. ఎర్ర మరుగుజ్జుల చుట్టూ ఆ రేఖ ఎక్కడ పడుతుందో తేల్చడానికి వెబ్ సమయంలో 500 గంటలు కేటాయించి, పలు రాతి గ్రహాల వేడిని చాటు పద్ధతిలో కొలుస్తున్నారు. ఒక్క గ్రహం మీద తీర్పు కంటే ఇలా వరసగా కొలవడమే సరైన పని అనిపిస్తుంది. గాలి ఉన్నవీ లేనివీ ఎక్కడ విడిపోతున్నాయో తెలిస్తే, కారణం కూడా అక్కడే దొరుకుతుంది. రేఖకు ఇవతల ఉండే అవకాశం ఎక్కువగా ఉన్న గ్రహాల్లో ఎల్‌హెచ్‌ఎస్ 1140 బి ఒకటి. 49 కాంతి సంవత్సరాల దూరం, భూమికి 5.6 రెట్ల ద్రవ్యరాశి, 24.7 రోజుల కక్ష్య. దాని నక్షత్రం ట్రాపిస్ట్-1 కంటే నెమ్మది. 2024లో హైడ్రోజన్ దట్టంగా ఉన్న గాలి దానికి లేదని తేలింది. నైట్రోజన్ గాలికి చిన్న సూచన కనిపించింది, ఇంకా రూఢి కాలేదు. నక్షత్రానికి అడ్డం రాని ప్రాక్సిమా బి లాంటి వాటి కోసం చిలీలోనే 39 మీటర్ల అద్దంతో కడుతున్న ఎక్స్‌ట్రీమ్లీ లార్జ్ టెలిస్కోపు రావాలి. గ్రహం మీద పడి తిరిగొచ్చే వెలుగునే విడదీసి చూడాలన్నది అక్కడి ఆలోచన.

ఇ విషయంలో అన్నిటికంటే పెద్ద పరిమితి ఎదురుచూపు. ట్రాపిస్ట్-1 ఆకాశంలో సూర్యుడు నడిచే దారికి దగ్గరగా ఉండటం వల్ల వెబ్ దాని వైపు ఏడాదిలో రెండు విడతలే తిరగగలదు, ఒక్కో విడత సుమారు 50 రోజులు. ఒక్కో విడతలో ఇ ఎనిమిది సార్లు అడ్డం వస్తుంది. అందులో బి కూడా కొద్ది గంటల తేడాతో వచ్చేవి ఇంకా తక్కువ. వచ్చిన రోజున నక్షత్రం మీద జ్వాల ఎగిస్తే ఆ కొలత నుంచి కొన్ని గంటలు పోయినట్టే. నిలిచినవాటిని ఒకదాని మీద ఒకటి పేరుస్తూ పోవాలి, పది లక్షల్లో 70 వంతుల తేడా వాటిలోంచి పైకి తేలేదాకా.